బోర్డు ఎప్పుడు మాట్లాడాలి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లే బండ్లకు కేటాయించిన లేన్లలో గరిష్ఠ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. అంటే సెకనుకు 33 మీటర్లు. రోడ్డు మీదుగా అడ్డంగా కట్టిన ఇనుప చట్రంపై వెలిగే ఎలక్ట్రానిక్ బోర్డును పగటిపూట సుమారు 240 మీటర్ల దూరం నుంచి చదవగలగాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. అంత దూరాన్ని ఈ వేగంతో దాటడానికి పట్టేది ఏడు సెకన్లు. చివర్లో బోర్డు నెత్తి మీదికి వచ్చేసి కంటికి అందదు. ముందు లారీ ఉంటే సగం అక్షరాలు దాని వెనకే ఉండిపోతాయి. ఈలోగా అద్దాలు చూసుకోవాలి, పక్క లేన్‌లో వచ్చేవాళ్లను కనిపెట్టుకోవాలి. ఇవన్నీ పోగా చదవడానికి మిగిలేది నాలుగైదు సెకన్లు. మాటకు ఒక సెకను, లేదా ఒక్కో సమాచారానికి రెండు సెకన్లు పడుతుందని ఈ రంగంలోని ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్కన బోర్డు ఒక్కో డ్రైవరుతో చెప్పగలిగేది నాలుగైదు మాటలు. ఆ కాసిని మాటలను దేనికి వాడుతున్నామన్న దాని మీదే ఆ బోర్డు ప్రాణాలు కాపాడుతుందా, ఊరికే వెలుగుతుందా, ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

వీటిని ఇంజనీర్లు వీఎంఎస్ అంటారు, వాడుకలో ఎల్‌ఈడీ బోర్డులు. ఆలోచన పాతదే. అమెరికాలో న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద 1950లలోనే వేగం తగ్గించమని, ముందు ప్రమాదం జరిగిందని నియాన్ అక్షరాలతో చెప్పేవారు. తర్వాత బల్బుల వరసలు, తిరగబడే బిళ్లలు వచ్చాయి, చివరికి ఎల్‌ఈడీలు వచ్చి ఏ వాక్యాన్నైనా క్షణంలో వెలిగించే వీలు కలిగింది. నా దృష్టిలో చిక్కు అక్కడే మొదలైంది. రెండు మూడు మాటలే వెలిగించగల బోర్డు అవసరం పడితేనే వెలిగేది. ఏ మాటైనా వెలిగించగల బోర్డుకు రోజంతా ఏదో ఒకటి చెప్పించాలనిపిస్తుంది. డ్రైవరు కంటికి ఇంకా అందని విషయాన్ని, ఆ చోటికి, ఆ నిమిషానికి సంబంధించిన దాన్ని చెప్పినప్పుడే ఈ బోర్డు పనికొస్తుందని ఇన్నేళ్ల అధ్యయనాలు సూచిస్తున్నాయి. హితబోధలకూ గణాంకాలకూ వాడితే దాని పదును పోతుంది.

కంటికి అందని వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆగిపోయిన బండ్ల బారు తోక. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యూకి సుగియామా బృందం 2008లో ప్రచురించిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయాకారపు బాటలో 22 కార్లను నిలిపి, అందరినీ ఒకే వేగంతో నడపమన్నారు. దారిలో ఏ అడ్డంకీ లేదు. అయినా కాసేపటికి ఎవరో కొంచెం బ్రేకు వేయడం, వెనకవాళ్లు మరికొంచెం ఎక్కువ వేయడం, అలా పెరిగి పెరిగి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోవడం జరిగింది. కార్లు ముందుకు వెళుతుంటే ఆ ఆగిపోయిన ముద్ద మాత్రం గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతూ పోయింది. నిజమైన రహదారుల మీద కూడా ట్రాఫిక్ అలలు దాదాపు ఇంతే వేగంతో వెనక్కి పాకుతాయి. ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారును ఊహించండి. ముందు రోడ్డు ఖాళీగా కనిపిస్తోంది. రెండు కిలోమీటర్ల అవతల బారు తోక ఉంది, అది గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఇటే వస్తోంది. రెండూ కలిస్తే దూరం తరుగుతున్న వేగం 120. సరిగ్గా ఒక నిమిషంలో ఆ కారు ఆ తోకను చేరుతుంది. బోర్డు మీద 60 అని వెలిగితే, ఖాళీ రోడ్డు మీద ఇదేం ఆంక్ష అని ఆ డ్రైవరుకు అనిపించడం సహజం. అతను చూస్తున్నది ఇప్పటి రోడ్డు. బోర్డు చెబుతున్నది నిమిషం తర్వాత అతను చేరబోయే రోడ్డు గురించి.

లండన్ నగరం చుట్టూ తిరిగే ఎం25 మోటార్‌వే మీద 1995లో ఈ సూత్రాన్నే అమల్లో పెట్టారు. రోడ్డులో సుమారు 500 మీటర్లకొకటి చొప్పున తీగచుట్టలు పూడ్చారు. మీదుగా వెళ్లే బండిలోని లోహాన్ని ఆ చుట్టలు పసిగడతాయి. వాటి నుంచి బండ్ల సంఖ్య, వేగం కంప్యూటరుకు చేరతాయి. రద్దీ చిక్కబడుతుంటే పై చట్రాల మీద ఒక్కో లేనుకూ వేగపరిమితి మైళ్లలో 60, తర్వాత 50, తర్వాత 40 అని మారుతుంది. ఎక్కడైనా బండ్లు ఉన్నట్టుండి నెమ్మదిస్తే, వెనక వచ్చేవారి బోర్డులు కంట్రోల్ రూమ్‌లో మనిషి మీట నొక్కేదాకా ఆగకుండా తమంతట తామే వెలుగుతాయి. ఈ పద్ధతి నాకు నచ్చడానికి కారణం ఇందులోని పొదుపు. ఒక అంకె, దాని చుట్టూ ఎర్రటి వలయం. చదవడానికి అర సెకను చాలు. పాటించని వారిని పట్టుకునే కెమెరాలూ ఉన్నాయి కాబట్టి ఆ అంకెకు విలువ ఉంది. అందరూ ఒకే వేగానికి దిగడం వల్ల హఠాత్తుగా వేసే బ్రేకులు తగ్గుతాయి, అలలు పుట్టడమూ తగ్గుతుంది.

పొగమంచు సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో కాల్హౌన్ అనే ఊరి దగ్గర ఇంటర్‌స్టేట్ 75 మీద 1990 డిసెంబరులో పొగమంచులో 99 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. 12 మంది చనిపోయారు, 42 మంది గాయపడ్డారు. మంచు తెరలోకి దూరే డ్రైవరు ముందున్నది చూడలేడు. వెనకవాడు ముందువాడు ఆగిన సంగతి తెలియకుండానే వచ్చి గుద్దుతాడు, అతని వెనక ఇంకొకడు. ఆ తర్వాత అక్కడ దృశ్యదూరాన్ని కొలిచే సెన్సర్లు, వాహనాల వేగాన్ని కనిపెట్టే పరికరాలు, మంచు ప్రాంతానికి చాలా ముందునుంచే హెచ్చరించే మార్చదగిన బోర్డులు, మంచు మరీ దట్టమైతే రోడ్డెక్కకుండా దారి మూసే గేట్లు ఏర్పాటు చేశారు. ఇందులో బోర్డు ఒక అవయవం మాత్రమే. కొలిచే కన్ను, నిర్ణయించే బుర్ర, అవసరమైతే ఆపే చేయి ఉన్నందువల్లే ఆ నోటి మాటకు బలం వచ్చింది. సెన్సరు లేకుండా చలికాలం పొడవునా పొగమంచు జాగ్రత్త అని వెలిగించే బోర్డు సంగతి నాన్నా పులి కథలాగే అవుతుంది. మంచు లేని మధ్యాహ్నం ఆ మాట చదివిన డ్రైవరు, మంచు ఉన్న తెల్లవారుజామున దాన్ని లక్ష్యపెట్టడు.

జారే రోడ్ల మీద ఫిన్‌లాండ్‌లో పిర్క్కో రామా, రిస్తో కుల్మలా 2000లో ప్రచురించిన పరిశీలనను కొందరు ఈ బోర్డుల బలహీనతకు సాక్ష్యంగా చూపవచ్చు. రోడ్డు జారుతోందని వెలిగే గుర్తు చూసి డ్రైవర్లు తగ్గించిన సగటు వేగం గంటకు ఒకటి రెండు కిలోమీటర్లే. అంత ఖరీదైన బోర్డుకు ఇంతేనా ఫలితం అనిపిస్తుంది. కానీ సగటు వేగం 1 శాతం తగ్గితే ప్రాణం తీసే ప్రమాదాలు సుమారు 4 శాతం తగ్గుతాయని స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ లెక్కలు చూపాయి. వేలాది బండ్ల మీద ఆ చిన్న తగ్గుదల చిన్నదేమీ కాదు. పైగా ఫిన్‌లాండ్ డ్రైవర్లను అడిగినప్పుడు, గుర్తు చూశాక రోడ్డు ఎక్కడ జారుతుందో కనిపెట్టి చూశామని, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త పడ్డామని చెప్పారు. స్పీడోమీటరులో కనిపించని ఈ మార్పే అసలు లాభమని నేననుకుంటాను. మంచి సందేశం డ్రైవరు చూపును బోర్డు మీద నిలబెట్టదు, మళ్లీ రోడ్డు మీదికే పంపిస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగిన కథ టెక్సస్‌ది. ఆ రాష్ట్రం 2012 ఆగస్టు నుంచి తన రహదారి బోర్డుల మీద ఆ ఏడాది అప్పటిదాకా రోడ్డు ప్రమాదాల్లో మరణించిన వారి సంఖ్యను చూపించడం మొదలుపెట్టింది. సంకల్పం మంచిదే. అంకె చూసి జనం భయపడి నెమ్మదిగా నడుపుతారని ఆశ. అయితే దీన్ని ప్రతి నెలా ఒక్క వారం మాత్రమే, రవాణా కమిషన్ సమావేశానికి ముందు వారంలో చూపేవారు. ఈ ఏర్పాటు పరిశోధకులకు అనుకోని వరమైంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన జోనాథన్ హాల్, మినెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా మాడ్సెన్ 880 బోర్డుల సమాచారాన్ని తీసుకుని, అదే రోడ్డు మీద, అదే గంటలో, అంకె చూపిన వారానికీ చూపని వారాలకూ తేడా ఎంతో చూశారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన వారి ఫలితం ఇది: అంకె వెలిగిన వారంలో బోర్డు తర్వాతి 10 కిలోమీటర్లలో ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయి. ఒక్క టెక్సస్‌లోనే ఏడాదికి దాదాపు 2,600 అదనపు ప్రమాదాలు, 16 అదనపు మరణాలు అని వారి అంచనా. చూపిన అంకె పెద్దదైనకొద్దీ హాని పెరిగింది. రోడ్డు చిక్కుగా ఉన్న చోట్ల ఇంకా ఎక్కువ. వారి వివరణ సూటిగా ఉంటుంది: మరణాల సంఖ్య మనసును పట్టుకుంటుంది, కాసేపు వదలదు, ఆ కాసేపు డ్రైవింగ్‌కు కావలసిన శ్రద్ధలో కొంత దానికి పోతుంది. పది కిలోమీటర్లంటే రహదారి వేగంలో ఐదారు నిమిషాలు.

ఒక్క రాష్ట్రపు లెక్కతో తీర్పు చెప్పేస్తారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో కనీసం 28 రాష్ట్రాలు ఇలాంటి అంకెలు ఎప్పుడో ఒకప్పుడు చూపాయి. అన్నిచోట్లా ఇంతే హాని జరిగిందని ఈ అధ్యయనం నిరూపించలేదు, శాతం అటూ ఇటూ కావచ్చు. కానీ మేలు చేస్తుందన్న నమ్మకంతో చేసిన పని మేలు చేసినట్టు కనిపించకపోవడమే కాదు, కీడు చేసిన ఆనవాళ్లు కనిపించినప్పుడు, నిరూపణ భారం ఆ అంకెలు వెలిగించేవారి మీదే ఉంటుంది. మరో అభ్యంతరం మన గుండెకు దగ్గరగా తగులుతుంది. భారతదేశంలో 2022లో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ఇంత ఘోరం జరుగుతుంటే జనాన్ని మేల్కొలపవద్దంటారా? మేల్కొలపాలి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే దగ్గర, బడిలో, టీవీలో, పెట్రోలు బంకులో, టోల్ దగ్గర బండి ఆగినప్పుడు చెప్పవచ్చు. సెకనుకు 33 మీటర్లు దాటుతున్న మనిషిని, అతని శ్రద్ధ పూర్తిగా రోడ్డు మీద ఉండవలసిన చోట, ఆ అంకెతో కదిలించడమే తప్పు. చమత్కారపు నినాదాలు, సినిమా డైలాగుల సంగతీ ఇంతే. అర్థమై నవ్వు రావడానికి కూడా మెదడు పని చేయాలి. అమెరికా ఫెడరల్ రహదారి సంస్థ 2023 డిసెంబరులో తెచ్చిన కొత్త ప్రమాణాల్లో హాస్యం, సినిమాల ప్రస్తావనలు ఉన్న సందేశాలు వద్దని రాష్ట్రాలకు చెప్పింది. అది సరైన మాట.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఫోన్ నుంచి వస్తుంది. జేబులో గూగుల్ మ్యాప్స్ ఉంది, ముందు ఎంత రద్దీ ఉందో, ఏ దారిన పోతే ఎన్ని నిమిషాలు మిగులుతాయో అదే చెబుతుంది, ఇక కోట్లు పోసి బోర్డులెందుకు? దారి ఎంచుకోవడం వరకైతే ఈ వాదనకు నేను తల వంచుతాను. లండన్‌లో ఈ బోర్డుల మీద జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి స్మార్ట్‌ఫోన్ల కాలానికి ముందే ఈ బలహీనతను పట్టుకుంది. ఫలానా సందేశం చూస్తే దారి మార్చుకుంటారా అని ముందే కాగితం మీద అడిగితే చాలామంది మార్చుకుంటామన్నారు. నిజంగా సందేశం వెలిగించినప్పుడు దాన్ని చూసినవారే మూడింట ఒకవంతు. దారి మార్చినవారు, కాగితం మీది జవాబులను బట్టి ఊహించిన వారిలో ఐదోవంతు. నార్వేలో 2007లో వచ్చిన మరో పరిశీలనలో ఐదింట ఒక బండి దారి మార్చింది గానీ, బోర్డు చదవడం కోసం చాలామంది వేగం తగ్గించడం, బ్రేకు వేయడం కనిపించింది. వెనకవాళ్లూ వేశారు. అంటే పొడుగాటి దారి వివరాలు రాసిన బోర్డు తానే చిన్నపాటి అలను పుట్టించింది. కాబట్టి ఊళ్ల పేర్లు, నిమిషాలు, ప్రత్యామ్నాయ మార్గాలు ఫోనుకు వదిలేస్తే నష్టం లేదు. రోడ్డు పూర్తిగా మూసేసినప్పుడు మాత్రం ఏ ఎగ్జిట్ దగ్గర దిగాలో బోర్డు చెప్పి తీరాలి.

అయితే ఫోను చేయలేని పనులు ఉన్నాయి. ఫోను ఉన్నవాడికే చెబుతుంది, అదీ ఆ యాప్ తెరిచి పెట్టుకున్నవాడికే. రాత్రంతా నడిపే లారీ డ్రైవరు తనకు కంఠతా వచ్చిన దారికి మ్యాప్ పెట్టుకోడు. బోర్డు మాత్రం ఆ చోట ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే క్షణాన ఒకే మాట చెబుతుంది. ఒక్కడు నెమ్మదిస్తే వెనకవాడు గుద్దుతాడు, అందరూ కలిసి నెమ్మదిస్తే ఎవరికీ ఏమీ కాదు. రెండో సంగతి, ఫోను రద్దీని గుర్తించేది బండ్లు నెమ్మదించిన తర్వాత. ఎడమ లేన్‌లో టైరు పేలి అడ్డంగా పడిన లారీని కంట్రోల్ రూమ్ కెమెరా మొదటి నిమిషంలోనే చూడగలదు. మూడోది, చట్టబద్ధమైన వేగపరిమితిని మార్చే అధికారం ఏ యాప్‌కూ లేదు. నాలుగోది అతి సాధారణమైనది: బోర్డు చూడాలంటే తల ఎత్తాలి, ఫోను చూడాలంటే దించాలి.

ఏ సందేశమూ లేనప్పుడు బోర్డును ఏం చేయాలి? ఖాళీగా ఉంచమంటాను. చీకటిగా ఉన్న బోర్డును చూసి చెడిపోయిందని, ప్రజాధనం వృథా అయిందని జనం అనుకుంటారని అధికారులకు భయం. ఆ భయానికి విరుగుడు సులువు, మూలన ఒక చిన్న వెలుగు చుక్క ఉంటే చాలు, పని చేస్తోందని తెలుస్తుంది. ఖాళీ బోర్డు ముందు దారి బాగుందని చెబుతున్నట్టే లెక్క. ఎప్పుడూ వెలగని బోర్డు ఒకరోజు వెలిగితే దాన్ని చదవకుండా ఎవరూ పోలేరు. హెల్మెట్ పెట్టుకోండి, సీటు బెల్టు పెట్టుకోండి అని రోజూ వెలిగేదాన్ని నెల తిరిగేసరికి కన్ను చూడడం మానేస్తుంది. ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేని ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట హెల్మెట్ సందేశం ఎవరికి?

తెలుగు నేల మీద ఈ చర్చలో ఇంకో ముడి ఉంది, అది లిపి. ఇంగ్లిష్ పెద్దక్షరాలను అడ్డంగా ఐదు, నిలువుగా ఏడు చుక్కల గడిలో ఇమిడ్చి చదివించవచ్చు. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో, మధ్యలో అసలు రూపం, కింద వత్తు. మూడంతస్తుల ఇల్లు. అదే ఎత్తున్న వరసలో ఇమడాలంటే మధ్య అంతస్తుకు దక్కే చుక్కలు తగ్గిపోతాయి, చదవగలిగే దూరమూ దాంతోపాటు తగ్గుతుంది. డకూ ఢకూ, బకూ భకూ తేడా ఒక చిన్న గీత. రకూ ఠకూ తేడా ఒక చుక్క. రాత్రిపూట ఎల్‌ఈడీల వెలుగు ఒకదాన్లోకొకటి చిమ్మి ఆ గీతలనూ చుక్కలనూ మింగేస్తుంది. ఇందుకు తెలుగును పక్కన పెట్టడం పరిష్కారం కాదు. రెండు వరసల ఎత్తును ఒక తెలుగు వరసకు ఇవ్వాలి, మాటలను ఏరుకోవాలి. ‘ప్రమాదం జరిగినందున నెమ్మదిగా ప్రయాణించండి’ అన్న వాక్యంలో వత్తులూ ఉన్నాయి, పొడవూ ఉంది, ఎంత దూరంలోనో ఎంత నెమ్మదిగానో మాత్రం లేదు. ‘పొగమంచు. 60 దాటకండి’ అంటే ఒక్క వత్తు లేదు, ఏం చేయాలో ఉంది. ‘ఎడమ దారి మూత’ కూడా అంతే. ఇంకా ఒక మెట్టు పైకి వెళితే బొమ్మలూ అంకెలూ. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా పోతుంది. దాని మీద నడిచే లారీల్లో పంజాబీ చదివేవారుంటారు, తమిళం చదివేవారుంటారు, ఏదీ సరిగా చదవలేనివారూ ఉంటారు. మూసిన లేన్ మీద ఎర్రటి అడ్డగుర్తు, వలయంలో అంకె, జారే కారు బొమ్మ అందరికీ అందుతాయి. ఈ బోర్డుల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2010లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. అంకెలకూ బొమ్మలకూ మొదటి చోటు ఇచ్చి, తెలుగుకు తగిన ఎత్తు, తగిన అక్షర రూపాలు పరీక్షించి ఖాయం చేసే పని వేగం పెరుగుతున్న మన రోడ్లకు అత్యవసరం.

టెక్సస్ తప్పు బయటపడడానికి కారణం అక్కడ మరణాల అంకె ఏ వారాల్లో వెలిగిందో నమోదై ఉండడం, ప్రమాదం ఎక్కడ ఏ గంటకు జరిగిందో నమోదై ఉండడం. రెండో నమోదు ఇప్పుడు మన దగ్గరా జరుగుతోంది. ఐఐటీ మద్రాస్, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కలిసి రూపొందించిన ఐరాడ్ వ్యవస్థలో పోలీసులు ప్రమాద స్థలం నుంచే మొబైల్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తారు. మొదటి నమోదు కూడా తోడైతే, అంటే ప్రతి బోర్డు మీదా ఏ నిమిషానికి ఏ సందేశం పెట్టారో, ఎప్పుడు తీశారో చెప్పే చిట్టాను రహదారి సంస్థలు దాచి పరిశోధకులకు ఇస్తే, ఒక బోర్డు కింద పోయిన బండ్లకు తర్వాతి పది కిలోమీటర్లలో ఏమైందో ఇక్కడే, మన రోడ్ల మీదే, మన భాషల్లో వెలిగిన మాటలకే లెక్క కట్టవచ్చు.